ఊ కొట్టే రోటా

మొన్న మంగళవారం మధ్యాహ్నం టీవీలో ఒక పాత యుద్ధం సినిమా వేశారు. మా వారు భోజనం అయ్యాక కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంటారు కానీ టీవీ మాత్రం కట్టనివ్వరు. కట్టబోతే "వింటున్నానే, ఉండనీ" అంటారు. నేను పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. తల ఎత్తేసరికి బూడిదరంగు కోటు తొడుక్కున్న జర్మన్ ఆఫీసరు ఒకడు మోటారుసైకిల్ మీద వంతెన దాటుతున్నాడు. "అడుగో!" అని నేను అరవడమూ, పొదచాటునుంచి ఎవరో కాల్చడమూ, ఆ ఆఫీసరు బండితో సహా వాగులో పడడమూ ఒక్కసారే జరిగాయి. మిల్టన్ కీన్స్ నుంచి హాఫ్ టర్మ్ సెలవులకు వచ్చిన మా మనవరాలు సోఫాలోంచి తల ఎత్తి, "హూ వాజ్ దట్?" అంది. మన పైఫ్లాట్‌లో ఉండేవాడు, స్విస్ అంకుల్, నీ చిన్నప్పుడు నీ చెవిలోంచి గుడ్డు తీసి చూపించేవాడు, గుర్తులేదా అన్నాను. అది మళ్ళీ టీవీవైపు చూసి, "హి డైడ్ రియల్లీ వెల్," అని మెచ్చుకుంది.

బాగా చావడం ఆయనకు అలవాటైన పనే. సినిమాల్లోనూ టీవీలోనూ కలిపి ఆయన పదకొండుసార్లు చనిపోయాడని నా లెక్క. కాదు, పన్నెండు అని ఆయన వాదించేవాడు. ఆ పన్నెండోది ఎడిటింగ్‌లో కత్తిరించేశారు. ఎవరూ చూడని చావును నేను లెక్కలో వేయనన్నాను. "నేను నిజంగానే చన్నీళ్ళలో పడ్డాను సిస్టర్. వారం రోజులు జలుబు చేసింది. ఆ జలుబు కూడా లెక్కలోకి రాదా?" అనేవాడు. ఆయన మాట్లాడింది ఇంగ్లిషే, అదీ అక్షరం అక్షరం విడమర్చి పలికే ఇంగ్లిషు. తెలుగులో రాస్తున్నది నేను. ఆ పన్నెండు సంగతి మాత్రం చివరిదాకా మా మధ్య తేలలేదు.

"సో, టెల్ మీ," అంది మనవరాలు. చెప్పడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు చెప్పి ఆగాను. అది పలకలేదు. "వింటున్నావా?" అన్నాను. "ఐ యామ్ లిజనింగ్, అమ్మమ్మా." "వింటుంటే ఊఁ కొట్టాలి." "వై? ఐ కెన్ హియర్ యూ." మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని కథ చెప్పేటప్పుడు మేం నలుగురం పిల్లలం వాక్యం వాక్యానికీ ఊఁ కొట్టాలి. కొట్టకపోతే కథ అక్కడే ఆగిపోయేది. రాజుగారు గుర్రం ఎక్కబోతూ ఒక కాలు రికాబులో పెట్టి అలాగే నిలబడిపోయేవాడు. మాలో ఎవరో ఒకరు ఊఁ అంటేనే ఆయన రెండో కాలు పైకి లేచేది. అలా పడిన అలవాటు నాకు ఇంగ్లండు వచ్చినా పోలేదు. ఇక్కడి ఆస్పత్రిలో చేరిన కొత్తలో నేను ఫోనులో డాక్టరు చెప్పేది వింటూ ఊఁ, ఊఁ అంటుంటే, తోటి నర్సు వచ్చి నా భుజం పట్టుకుని, "ఎక్కడైనా నొప్పిగా ఉందా, పెట్?" అని అడిగింది. న్యూకాసిల్‌లో ఎవరినైనా పెట్ అనే పిలుస్తారు. మొదట్లో నాకు కోపం వచ్చేది, తర్వాత ఎవరైనా అలా పిలవకపోతే కోపం వచ్చేది. వార్డ్ సిస్టర్‌నై రిటైరయ్యేదాకా నా ఊఁ ఆ వార్డులో అందరికీ తెలుసు. తెలిసినా ఎవరికీ అంటుకోలేదు.

మేం ఈ ఇంటికి మారింది నేను రిటైరైన ఏడాది ఏప్రిల్‌లో. మా వారు మే అంటారు, అది తప్పు. ఈ ఊళ్ళో ఇలాంటి ఇళ్ళు వీధులకు వీధులు ఉన్నాయి. ఒకే గోడకు రెండు వీధి తలుపులు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి తెరిస్తే కింది ఫ్లాట్, రెండోది తెరిస్తే నేరుగా పైకి మెట్లు. పైన ఎవరున్నారో మాకు మొదట్లో అడుగుల చప్పుడే తప్ప మనిషి కనిపించలేదు. పరిచయం చెత్తడబ్బాల దగ్గర అయింది. మా కౌన్సిల్ వాళ్ళు ఒక వారం మామూలు చెత్త తీసుకెళ్తే ఇంకో వారం రీసైక్లింగ్ తీసుకెళ్తారు. మధ్యలో బ్యాంక్ హాలిడే, అంటే దేశమంతటికీ సెలవు, పడితే ఆ వరస తారుమారవుతుంది. మేం వచ్చిన కొత్తలో ఒక సోమవారం అలా బ్యాంక్ హాలిడే పడింది. మర్నాడు పొద్దున్నే చూస్తే వీధి వీధంతా తప్పు డబ్బాలు బయటపెట్టి కూర్చుంది. సరైనవి రెండే ఉన్నాయి, ఒకటి నాది, ఇంకొకటి పైఫ్లాట్ వాళ్ళది. పక్క తలుపు తెరుచుకుని పట్టు డ్రెస్సింగ్ గౌనులో పొడుగాటి ముసలాయన బయటికి వచ్చాడు. వీధి ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూశాడు. తర్వాత మా రెండు డబ్బాలను చూశాడు. నాకు తల వంచి నమస్కారంలాంటిది పెట్టి, "మేడమ్, ఈ వీధిలో నాగరికత అంతా ఈ రెండింటిలోనే ఉంది," అన్నాడు. చెత్త గురించి అంత గొప్పగా మాట్లాడిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

మా వారు ఎవరినైనా రెండోసారి కలిస్తే బ్రదర్ అనేస్తారు. మా తెలుగు ఫెలోషిప్‌లో అందరం బ్రదర్లమూ సిస్టర్లమే కదా. పైఫ్లాట్ ఆయన ఆ పిలుపును కాదనలేదు. నన్ను సిస్టర్ అని పిలవడం మొదలుపెట్టాడు. వార్డు సిస్టరనా, ఫెలోషిప్ సిస్టరనా అని నేనూ అడగలేదు. ఆ డిసెంబర్‌లో మా సెమీ క్రిస్మస్‌కు పిలిచాం. కార్డులో సాయంత్రం ఐదింటికి అని ఉంది. మనవాళ్ళు ఐదింటికి ఇంకా ఇళ్ళల్లో చీరలు కట్టుకుంటూ ఉంటారని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఐదింటికి హాల్లో ఉన్నది ఆయనా, నేనూ, తాళంచెవి పట్టుకున్న కాపలామనిషీ. ఆయన చేతిలో పూలగుత్తి ఉంది. ఊరికే నిలబడ్డం ఎందుకని కుర్చీలన్నీ మేమిద్దరమే వేశాం, దారం పట్టి కొలిచినట్టు వేశాం. ఏడున్నరకు నేను వదినా అని పిలిచే బాపట్ల ఆవిడ బిర్యానీ గిన్నెతో లోపలికి వస్తూ, "అయ్యో, ఈయన ఎప్పుడొచ్చాడమ్మా?" అంది. "కార్డులో వేసిన టైముకు," అన్నాను. "పాపం, కొత్త కదా!" అంది వదిన.

ఆయన కథ మాకు కొంచెం కొంచెంగా, చాయ్‌తో పాటు తెలిసింది. పుట్టింది స్విట్జర్లాండ్‌లో ఒక చెరువు పక్కనున్న చిన్న ఊళ్ళో. తండ్రికి చెప్పుల దుకాణం ఉండేది. నటుణ్ణవుతానని ఇల్లు వదిలి జర్మనీలో నాటకశాలలకు వెళ్తే, నీ జర్మన్ ఆవులు కాసేవాళ్ళ జర్మన్ అని నవ్వారట. వాళ్ళ ఊళ్ళో ఇంట్లో మాట్లాడే భాష వేరు, పుస్తకంలో భాష వేరు. మనకు వాడుక భాష, గ్రాంథికం ఉన్నట్టే. నాకు వెంటనే అర్థమైంది. గుంటూరు పక్క పల్లెనుంచి వెళ్ళి మిషన్ ఆస్పత్రి నర్సింగ్ స్కూల్లో చేరినప్పుడు నా దీర్ఘాలు చూసి నవ్వినవాళ్ళూ ఉన్నారు. అక్కడ పనికిరాక ఆయన లండన్ వచ్చాడు. ఇక్కడివాళ్ళు నీ ఇంగ్లిషు మరీ జర్మన్‌గా ఉందన్నారు. ఆ దేశంవాళ్ళకు చాలినంత జర్మన్ కాడు, ఈ దేశంవాళ్ళకు అవసరానికి మించిన జర్మన్. దాంతో కోటూ టోపీ బూట్లూ ఇచ్చి మోటారుసైకిల్ ఎక్కించారు. "మా దేశం ఆ యుద్ధంలోకే దిగలేదు సిస్టర్. మావాళ్ళందరి తరపునా నేనొక్కణ్ణే చేశాను. చేసిన ప్రతిసారీ ఓడిపోయాను," అనేవాడు. మా వారు ఆ మాట విన్నప్పుడల్లా కొత్తగా విన్నట్టు నవ్వేవారు. అది మర్యాదా మరుపా నాకు ఈనాటికీ తెలియదు.

ఒక్కసారి మాత్రం పెద్ద అవకాశం వచ్చిందట. లండన్‌లో పెద్ద నాటకశాల, ముఖ్యపాత్ర. అసలు నటుడికి జబ్బు చేస్తే ఈయనకు ఇచ్చారు. రెండో అంకంలో నాలుగు పేజీల ప్రసంగం ఉంది. నోరు తెరిచాడు, తల లోపల సున్నం కొట్టిన గోడలాగా ఒక్క అక్షరం లేదు. పక్కనుంచి మాట అందించారు, వినపడలేదు. ప్రేక్షకులకు వంగి నమస్కారం పెట్టి, వెనక తలుపులోంచి వీధిలోకి నడిచి, స్టేషన్‌కు వెళ్ళి దొరికిన రైలెక్కాడు. న్యూకాసిల్ వచ్చాక నది మీద వంతెనలు చూసి, ఇంత దూరం చాలు అనిపించి దిగిపోయాడు. నాటకంలో వేసుకున్న బిషప్ వేషంలోనే వచ్చానని, టికెట్ అడగాల్సినవాడు దీవెన అడిగాడని చెప్పేవాడు. నాకు అనుమానం వచ్చింది. అంతకుముందు ఒకసారి ఇదే కథలో కార్డినల్ అని చెప్పాడు. కార్డినల్ ఎర్రబట్టలు వేసుకుంటాడు, బిషప్ ఊదా వేసుకుంటాడు, మీరు ఏ రంగులో దిగారు అని నిలదీశాను. కాసేపు చాయ్ తాగి, "నా సొంత ఓవర్‌కోటులో దిగాను. లోపల ఏముందో ఎవరూ చూడలేదు. కానీ సిస్టర్, బిషప్ అంటే జనం నవ్వుతారు," అన్నాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఈ ఊళ్ళోనే సాయంత్రం క్లాసుల్లో జర్మన్ చెప్పాడు. క్యాసెట్లలో "స్టేషన్‌కు ఎటు వెళ్ళాలి?" అని అడిగే గొంతు ఆయనదే. ఇంత నవ్వుతూ చెప్పేవాడు కదా, బజారుకు వెళ్ళేటప్పుడు మాత్రం నాటకశాల ఉన్న వీధి వస్తే ఆ వైపు పేవ్‌మెంట్ వదిలి ఈ వైపుకు మారేవాడు. నాలుగుసార్లు చూశాక అది యాదృచ్ఛికం కాదని నాకు తెలిసింది. ఆ సంగతి మాత్రం అడగలేదు.

మేం వచ్చిన నాలుగో ఏడాది చలికాలంలో ఒకరోజు ఆయన మా తలుపు కొట్టాడు. చేతిలో కాగితాల కట్ట ఉంది. ముఖం చూసి, బీపీ మిషను తేనా అన్నాను. ఆయన దగ్గర జర్మన్ నేర్చుకున్న ఒకావిడ కూతురు నదీతీరంలో చిన్న థియేటర్‌లో నాటకం వేయిస్తోందట. పై దేశంనుంచి వచ్చి ఈ నది మీద నలభై ఏళ్ళు పడవ నడిపిన ముసలివాడి కథ. ఆ ముసలివాడి యాస ఇక్కడిది కాకూడదు. ఆ అమ్మాయికి చిన్నప్పుడు వాళ్ళమ్మ వినిపించిన క్యాసెట్ల గొంతు గుర్తొచ్చి ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. "జీవితంలో మొదటిసారి నా యాస కావాలన్నారు," అన్నాడు. కానీ చివర్లో పడవవాడు ఒక్కడే నిలబడి రెండు పేజీలు మాట్లాడాలి. "ఈసారి మరిచిపోతే పారిపోవడానికి మోకాళ్ళు లేవు సిస్టర్. స్టేజి మీద నిలబడి ఉండిపోవాలి. డెబ్బై నాలుగేళ్ళకు ఇంకోసారి ఎవరూ పిలవరు. ఈసారి కూడా పోతే, నేను నటుణ్ణని మీ మనవరాలికి కూడా చెప్పలేను." మా వారు కళ్ళు తెరిచి, "బ్రదర్, మా ఆవిడకు అప్పజెప్పండి. ఒక్క కామా కూడా వదలదు," అన్నారు.

అప్పజెప్పడం అంటే ఏమిటో ఆయనకు చెప్పాల్సి వచ్చింది. మా సండే స్కూల్లో వారం వారం బంగారు వాక్యం అని బైబిల్లోంచి ఒకటి కంఠతా పట్టి అప్పజెప్పాలి. దాన్ని నడిపే మా హాస్టల్ మేట్రన్ ఒక్క మాట తప్పితే మధ్యలో దిద్దేది కాదు. మళ్ళీ మొదటినుంచి చెప్పమనేది. నేనూ అదే పద్ధతి పెట్టాను. రోజూ మూడింటికి ఆయన మా వంటగదిలో కిటికీ పక్కన నిలబడేవాడు, నేను కాగితాలు పట్టుకుని పప్పు ఏరుకుంటూ కూర్చునేదాన్ని. 'నది' అనే చోట 'ఏరు' అంటే మళ్ళీ మొదటినుంచి. "రాసిన అమ్మాయే ఇంత పట్టుపట్టదు సిస్టర్!" అని మొత్తుకునేవాడు. "ఆ అమ్మాయి రాసింది కాబట్టి మార్చుకోవచ్చు. మీరు రాయలేదు," అనేదాన్ని. అలా ఆరు వారాలు. మొదట్లో తడబడే మనిషి క్రమంగా గుక్క తిప్పుకోకుండా చెప్పేస్తున్నాడు. మా వారు ఒకరోజు కుర్చీలోంచి, "నువ్వు బాగా ఊఁ కొడుతున్నావు, ఆయన బాగా చెప్తున్నాడు," అన్నారు. నేను కొడుతున్నానని నాకే తెలియదు. అది ఊపిరిలాంటిది, ఎవరు చూసుకుంటారు? నవ్వి ఊరుకున్నాను.

థియేటర్‌లో మిగతా భాగాలన్నీ బాగానే వచ్చాయి, అక్కడ ఎదుట వేరే నటులున్నారు. చివరి రెండు పేజీలకు వచ్చేసరికే చిక్కు. అందరూ వేషాలతో చేసిన ఆఖరి రిహార్సల్లో ఆయన మొదటి వాక్యం చెప్పి ఆగిపోయాడట. మాట అందించారు, రెండోది చెప్పి మళ్ళీ ఆగిపోయాడు. దర్శకురాలు మంచి పిల్ల, కోప్పడలేదు. చెవిలో చిన్న మిషను పెట్టి లోపలినుంచి మాట అందిస్తామంది, లేదంటే రెండు పేజీలను పది వాక్యాలకు కుదిద్దామంది. ఆయన రెండింటికీ ఒప్పుకోలేదు. ఆ సాయంత్రం మా వంటగదికి వచ్చి నిలబడ్డాడు. చెప్పమన్నాను. మొదటినుంచి చివరిదాకా ఒక్క అక్షరం తప్పకుండా చెప్పాడు. "చూశారా? ఇక్కడ ఉన్నది అక్కడికి రావడం లేదు," అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఎక్కడ ఆగారో సరిగ్గా చెప్పండన్నాను. "ప్రతి ఫుల్‌స్టాప్ దగ్గరా," అన్నాడు. కామాల దగ్గర ఆగని మనిషి ఫుల్‌స్టాప్ దగ్గర ఎందుకు ఆగుతాడో నాకు తేలలేదు. వెళ్ళేటప్పుడు ఆయన గుమ్మంలో నిలబడి, శనివారం మీరు రాకపోయినా పరవాలేదు సిస్టర్ అన్నాడు. రావద్దని అడుగుతున్నాడని అర్థమైంది. వస్తానన్నాను.

శనివారం మధ్యాహ్నం రెండున్నరకు మొదటి ఆట. వదిన ఫెలోషిప్ ఆడవాళ్ళను కూడగట్టింది. డ్యూటీ లేనివాళ్ళూ, డ్యూటీ దిగి నేరుగా వచ్చినవాళ్ళూ, మా వారూ కలిసి ఒక వరసంతా నిండాం. ఈసారి మనవాళ్ళు పదిహేను నిమిషాలు ముందే వచ్చారు. రెండింటికి ఆట అని నేను అబద్ధం చెప్పాను. థియేటర్ చిన్నది. మా ముందు వరసలో ఎర్రటి మెడ ఉన్న భారీ మనిషి కూర్చున్నాడు. భార్య బలవంతం మీద వచ్చాడని ఆ మెడ చూస్తేనే తెలుస్తోంది. నాటకం చక్కగా నడిచింది. ఆయన పడవవాడి టోపీ పెట్టుకుని ఒక చెయ్యి నడుం మీద వేసి నిలబడితే, ఈ మనిషిని ఇన్నేళ్ళు మోటారుసైకిళ్ళ మీదనుంచి ఎందుకు తోశారా అనిపించింది. చివరికి అందరూ వెళ్ళిపోయి ఆయన ఒక్కడే మిగిలాడు. వెలుతురు ఆయన మీదికి చేరింది.

"మొదటిరోజు నన్ను ఎవరూ నమ్మలేదు," అన్నాడు.

ఆగాడు. జనం అది నటన అనుకున్నారు. నాకు మాత్రం ఆయన ముఖంలో సున్నం కొట్టిన గోడ కనిపించింది. హాలంతా ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఒక మనిషి మాట చెప్పి నిలబడితే ఇంతమంది వింటూ కూడా ఒక్కరూ పలకరేమిటి అని నాకు ఒళ్ళు మండింది. రాజుగారు రికాబులో కాలు పెట్టి నిలబడిపోయాడు. నేను ఆలోచించి చేసింది కాదు, నా నోరే అంది: "ఊఁ."

ఆయన తల కొంచెం నావైపు తిరిగింది. "ఈత వచ్చా అని అడిగారు," అన్నాడు.

"ఊఁ."

"రాదన్నాను."

ముందు వరస మనిషి వెనక్కి తిరిగి నావైపు గుర్రుగా చూశాడు. నేను నోరు మూసుకున్నాను. స్టేజి మీద ఆయనా ఆగిపోయాడు. అప్పటికి నా బుర్రకు ఎక్కింది. ఆరు వారాలు నేను ఆయనకు రెండు పేజీలు నేర్పలేదు, రెండు పేజీలూ వాటి మధ్య నా ఊఁలూ కలిపి నేర్పాను. సగం పాఠం నా దగ్గరే ఉండిపోయింది. మా వారు నా చెయ్యి గిల్లి, "ఆపకే!" అన్నారు. పక్కనుంచి వదిన నాకంటే ముందే, "ఊఁ!" అంది. బాపట్ల ఊఁ, గట్టిది. ఆవిడకు సంగతేమీ తెలియదు. చెప్పేవాడు ఆగాడు కాబట్టి కొట్టింది.

"అయితే పడవను జాగ్రత్తగా నడుపుతావు, పనిలోకి రా అన్నారు."

హాలంతా నవ్వింది. ఆ నవ్వులో ముందు వరస మనిషి తల పంకించి, పెద్దగా, "అయ్," అన్నాడు. ఈ ఊరివాళ్ళు అవుననడానికి అలాగే అంటారు. ఇన్నేళ్ళు ఈ ఊళ్ళో ఉండి, బస్సుల్లో, మార్కెట్లో, వార్డులో వేలసార్లు విన్నాను. అది వీళ్ళ ఊఁ అని నాకు అప్పటిదాకా తట్టలేదు. ఇక వరసంతా అందుకుంది. వెనకనుంచి ఊఁలు, ముందునుంచి అయ్‌లు. ఆయన గొంతు విచ్చుకుంది. "నేను ఈ ఒడ్డువాణ్ణి కాను, ఆ ఒడ్డువాణ్ణీ కాను. నడిమధ్యలో ఉన్నంతసేపే నాకు ఉద్యోగం," అన్నప్పుడు మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. ఆయన కూడా ఆగలేదు. చివరిదాకా చెప్పేసి, టోపీ తీసి, నీళ్ళవైపు చూస్తున్నట్టు నిలబడ్డాడు. లేచి చప్పట్లు కొట్టినవాళ్ళలో ఆ ఎర్రమెడ మనిషి మొదటివాడు.

ఆట అయ్యాక దర్శకురాలు మా దగ్గరకు పరిగెత్తుకొచ్చింది. క్షమాపణ చెప్పబోయాను. ఆ పిల్ల నా రెండు చేతులూ పట్టుకుని, రేపు కూడా వస్తారా అంది. రేపు ఆదివారం, మాకు ప్రార్థన ఉందన్నాను. సోమవారం? నాటకం మూడు వారాలు ఆడాలి, ఒక్కదాన్నే రోజూ ఎలా వస్తాను? ఇంటికి వచ్చి, వార్డులో ఇరవై రెండేళ్ళు చేసిన పనే చేశాను. రోటా వేశాను, అంటే ఎవరి వంతు ఎప్పుడో రాసే పట్టిక. ఎర్లీ డ్యూటీవాళ్ళు రాత్రి ఆటకు, నైట్ డ్యూటీవాళ్ళు మధ్యాహ్నం ఆటకు, ఆటకు ఇద్దరు చొప్పున, ఒకరికి దగ్గు వస్తే ఇంకొకరు. మాస్టర్స్ చదివే తెలుగు పిల్లలు కూడా ఫ్రీ టికెట్ అనేసరికి పేర్లిచ్చారు. "ఏమిటమ్మా, ఊ కొట్టడానికి రోటానా? మా అమ్మకు తెలిస్తే నవ్వి చస్తుంది!" అంది వదిన. అని, మొదటి పేరు తనదే రాయించుకుంది. ఇక్కడి పత్రికలో రాసినాయన మా ఊఁలను నాటకంలో భాగమే అనుకుని మెచ్చుకున్నాడు. ఎవరమూ దిద్దలేదు. దిద్దకుండా వదిలేసిన తప్పు నా జీవితంలో బహుశా అదొక్కటే.

మూడో వారంలో ఆయన నాతో, "ఇప్పుడు అవి లేకపోయినా చెప్పగలను సిస్టర్. నిన్న వచ్చిన మీ స్టూడెంట్ పిల్లలిద్దరూ నిద్రపోయారు. అయినా ఆగలేదు," అన్నాడు. అయితే రోటా తీసేయనా అన్నాను. "వద్దు, వద్దు. చెప్పగలను అన్నాను కానీ, బాగుంటుందని అనలేదు," అన్నాడు. ఆ తర్వాత ఆయనకు రేడియోలో రెండు వేషాలు, టీవీలో ఒక తాతగారి వేషం వచ్చాయి. ఆ తాతగారు మొదటినుంచి చివరిదాకా బతికే ఉన్నాడు. ఎనభై దాటాక చెల్లెలి దగ్గరకు స్విట్జర్లాండ్ వెళ్ళిపోయాడు. ఆదివారం ఆదివారం సరిగ్గా నాలుగింటికి ఫోన్ చేసేవాడు. నేను మాట్లాడుతుంటే ఆ చివర ఊఁ, ఊఁ అనేవాడు. ఎవరికి కాళ్ళనొప్పో, ఏ వీధిలో తప్పు డబ్బా పెట్టారో అన్నీ చెప్పించుకునేవాడు. ఒక ఆదివారం ఫోన్ రాలేదు. సోమవారం వాళ్ళ చెల్లెలు చేసింది. పదమూడోది అన్నారు మా వారు. కాదు, పన్నెండు అన్నాను నేను. ఆ మాట అనుకుని ఇద్దరం నవ్వాం, తర్వాతి ఆదివారం నాలుగింటికి మాత్రం ఇద్దరం ఫోను పక్కనే కూర్చున్నాం.

ఇదంతా మనవరాలికి చెప్పేసరికి సినిమా అయిపోయింది, చిక్కుడుకాయలూ అయిపోయాయి. మా వారు నిజంగానే నిద్రపోయారు. నేను గిన్నె తీసుకుని లేవబోతే అది సోఫాలో ముందుకు జరిగి, "ఊఁ?" అంది. తర్వాత ఏమైందని అడిగే ఊఁ. అచ్చం మా అమ్మ మాకు నేర్పినట్టే, కొస కొంచెం పైకి లేపి. కథ మధ్యలో ఎక్కడో మొదలుపెట్టి ఉండాలి, నేను గమనించలేదు. నేను తేదీలు రాసిపెట్టుకునే మనిషిని. ఈ ఇంటికి ఎప్పుడొచ్చామో, ఏ శనివారం ఆ నాటకం వేశారో, ఏ సోమవారం ఆ ఫోన్ వచ్చిందో అన్నీ చెప్పగలను. మా అమ్మకు ఆ ఊఁ ఎవరి దగ్గరనుంచి వచ్చిందో, వాళ్ళకు ఎవరి దగ్గరనుంచి వచ్చిందో మాత్రం నా దగ్గర లేదు. మంగళవారం మధ్యాహ్నం అది ఈ పిల్ల దగ్గరకు ఏ వాక్యం దగ్గర చేరిందో కూడా తెలియదు. కాలం కొన్నింటిని తేదీ వేయకుండానే దాటిస్తుంది కాబోలు. గిన్నె కింద పెట్టి మళ్ళీ కూర్చున్నాను.